సెల్ఫ్ మోటార్ దించే ముందు ఒక్కసారి మీటర్ పెట్టండి

ప్రశ్న: మాది మాన్యువల్ గేర్ల కారు. క్లచ్ తొక్కి తాళం తిప్పితే డ్యాష్‌బోర్డు లైట్లన్నీ మామూలుగానే వెలుగుతాయి, సెల్ఫ్ మాత్రం తీసుకోదు. టిక్కుమనే శబ్దం కూడా రాదు. రెండో గేరులో తోస్తే వెంటనే స్టార్టవుతోంది. ఒక్కోసారి ఏమీ చేయకుండానే సెల్ఫ్ పనిచేస్తోంది. బ్యాటరీ కొత్తది. సెల్ఫ్ మోటార్ మార్చాలంటున్నారు. మార్చేయమంటారా?

జవాబు: అప్పుడే వద్దు. తోస్తే స్టార్టవుతోందంటే ఇంజిన్‌కి ఏ లోపమూ లేదు. చప్పుడే లేదంటే సెల్ఫ్ దాకా కరెంటు చేరడం లేదేమోనని ముందు అనుమానించాలి. ఆ కరెంటు ఇగ్నిషన్ స్విచ్, ఫ్యూజ్, క్లచ్ స్విచ్, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్) దాటుకుని సాలినాయిడ్‌కి (సెల్ఫ్ మోటార్ మీదుండి దానికి పెద్ద కరెంటు కలిపే అయస్కాంత స్విచ్‌కి) వెళ్తుంది. వీటిలో ఏ ఒక్కటి తెగినా మోటార్ మౌనంగానే ఉంటుంది. పాపం, నింద మాత్రం మోటార్‌కే వస్తుంది.

మాన్యువల్ బండిలో, అదీ వస్తూ పోతూ ఉండే లోపానికి, మొదట చూడాల్సింది క్లచ్ పెడల్ దగ్గరి స్విచ్‌నే. పెడల్ పూర్తిగా కిందికి వెళ్తేనే అది కలుస్తుంది. కింద మ్యాట్ మడత పడినా, పెడల్ బుష్ అరిగినా, స్విచ్ బిగింపు వదులైనా కొద్దిపాటి తేడా వచ్చి కలవదు. కొన్ని కార్లలో స్విచ్ మొన పెడల్ మీదున్న చిన్న రబ్బరు లేదా ప్లాస్టిక్ బిళ్లకు తగులుతుంది. ఆ బిళ్ల ఏళ్లు గడిచేసరికి పొడి అయి రాలిపోతుంది, మొన ఆ రంధ్రంలోకి దూరిపోతుంది. మ్యాట్ తీసి చూడండి, ముక్కలు అక్కడే దొరకవచ్చు. మ్యాట్ తీసేశాక పెడల్ గట్టిగా అడుగంటా తొక్కితే సెల్ఫ్ తీసుకుంటోందా? అయితే లోపం దాదాపు దొరికినట్టే. నిర్ధారించుకోవడానికి స్విచ్ కనెక్టర్ ఊడదీసి మల్టీమీటర్‌తో చూడండి: సాధారణంగా తొక్కినప్పుడు దాదాపు సున్నా ఓమ్‌లు, వదిలినప్పుడు తెగినట్టు చూపాలి. కొన్ని మోడళ్లలో ఇది తిరగబడి ఉంటుంది. తొక్కి పట్టుకున్నా అంకె ఊగిసలాడుతుంటే స్విచ్ లోపల అరిగిపోయింది.

స్విచ్ పిన్‌ల మధ్య వైరు ముక్క పెట్టి చూసే అలవాటు చాలామందికి ఉంది. ఆ స్విచ్ ఈసీయూకి (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్‌కి) సంకేతం మాత్రమే ఇచ్చే కార్లూ ఉన్నాయి కాబట్టి వైరింగ్ పటం చూడకుండా ఆ పని చేయొద్దు. చేసినా పరీక్ష వరకే. బండి న్యూట్రల్‌లో, హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు అడ్డం పెట్టి ఉండాలి. గేరులో ఉందని మరిచి తాళం తిప్పితే బండి ఎగిరి ముందుకు దూకుతుంది.

స్విచ్ బాగుంటే రిలే చూడండి. ఒకరు తాళం తిప్పుతుంటే మరొకరు రిలే మీద వేలు పెడితే టిక్కుమనడం తెలుస్తుంది. తెలియకపోతే అదే నంబరున్న ఇంకో రిలే, ఉదాహరణకు హారన్‌ది, మార్చి పెట్టి చూడండి.

అసలు తీర్పు ఇచ్చేది సాలినాయిడ్ మీది సన్న వైరు టెర్మినల్. చాలా కార్లలో దాని మీద 50 అని ఉంటుంది. వైరు దానికే తగిలి ఉండగా, నల్ల ప్రోబ్ బ్యాటరీ నెగటివ్‌కి పెట్టి, తాళం తిప్పించి కొలవండి. 10 వోల్టులు దాటి వస్తున్నా మోటార్ కదలకపోతే, ఎర్త్ (కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగి వెళ్లే దారి) సరిచూశాక, అప్పుడు దించండి. సున్నా వస్తే వెనక్కి రిలే వైపు వెతకండి. 5, 6 వోల్టులే వస్తే ఎక్కడో కాంటాక్టు కాలి ఉంది, లేదా కనెక్టర్‌లో పచ్చ చిలుము పట్టింది. వైరు ఊడదీసి కొలిస్తే ఇదంతా తెలియదు: కరెంటు పారనప్పుడు కాలిన కాంటాక్టు గుండా కూడా 12 వోల్టులు చక్కగా కనిపిస్తాయి.

ప్రశ్న: తాళం తిప్పితే ఒక్కసారి 'టక్' అంటుంది, అంతే. మోటార్ మీద సుత్తితో మెల్లగా కొడితే పనిచేస్తుంది. బ్యాటరీ లోపమా?

జవాబు: కాకపోవచ్చు. బ్యాటరీ నీరసించినా, టెర్మినల్ వదులైనా సాధారణంగా 'టకటకటక' అని వరసగా కొట్టుకుంటుంది. ఒక్క టక్కు అంటే సాలినాయిడ్ లాగింది, పెద్ద కరెంటు మోటార్‌కి చేరలేదు లేదా చేరినా తిరగలేదు. తాళం తిప్పి పట్టుకుని, సాలినాయిడ్ నుంచి మోటార్‌లోకి పోయే పొట్టి వైరు దగ్గర కొలవండి. అక్కడ వోల్టేజీ లేకపోతే సాలినాయిడ్ లోపలి రాగి కాంటాక్టులు అరిగాయి. దాదాపు పూర్తిగా ఉండి మోటార్ కదలకపోతే కార్బన్ బ్రష్‌లు (మోటార్‌లో తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) అయిపోయాయి. సుత్తి దెబ్బకు కదులుతోందంటే ఎక్కువసార్లు బ్రష్‌లే కారణం. ఎర్త్ కూడా వదలొద్దు: తాళం తిప్పినప్పుడు మోటార్ బాడీకి, బ్యాటరీ నెగటివ్ మొనకు మధ్య తేడా 0.3 వోల్టు లోపే ఉండాలి. ఎక్కువుంటే ఇంజిన్ ఎర్త్ పట్టీ విప్పి, గీకి, బిగించండి. మోటార్ దించేటప్పుడు ముందు బ్యాటరీ నెగటివ్ ఊడదీయాలి.

ప్రశ్న: సెల్ఫ్ 'జుయ్'మని ఖాళీగా తిరుగుతుంది, ఇంజిన్ కదలదు. ఒక్కోసారి గరగరమంటుంది. గేరులో వేసి బండిని కాస్త ముందుకు తోస్తే మళ్లీ పట్టుకుంటుంది. ఎందుకు?

జవాబు: ఫ్లైవీల్ రింగు (ఇంజిన్‌తో పాటు తిరిగే పెద్ద చక్రం చుట్టూ ఉండే పళ్ల పట్టీ) పళ్లు అరిగాయి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఆపినప్పుడు ఎక్కువసార్లు రెండే చోట్ల ఆగుతుంది, అవీ ఎదురెదురుగా. పినియన్ (సెల్ఫ్ మోటార్ చివరి చిన్న పళ్ల చక్రం) ఎప్పుడూ అక్కడే తగిలి ఆ పళ్లే తినేస్తుంది. ఇగ్నిషన్ ఆపి, టాప్ గేరులో బండిని జరిపితే మంచి పళ్లు ఎదురొస్తాయి. ఎంత జరిపినా ఖాళీగానే తిరుగుతుంటే తప్పు రింగుది కాదు, బెండిక్స్ క్లచ్ (మోటార్ తిరుగుడును పినియన్‌కి అందించే భాగం) జారుతోంది. అది మోటార్ దించితే సరిపోయే పని. రింగు మార్చాలంటే గేర్‌బాక్సే దించాలి, కాబట్టి క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ కూడా అప్పుడే చూసుకోండి. పినియన్ పళ్లు మొద్దుబారి ఉంటే అదీ మార్చండి, లేకపోతే కొత్త రింగును కూడా కొరికేస్తుంది.