లిల్లీ బార్ట్ పద్దు

"పెద్దింటి మనుషుల కథలున్న నవలల్లో మీకు బాగా గుర్తుండిపోయిన విషాద నాయిక ఎవరు, ఎందుకు?" అని అడిగారు. చాలామంది టాల్‌స్టాయ్ నవల నాయిక అన్నా కరెనినా పేరే చెప్తారని తెలుసు. నాకు మాత్రం లిల్లీ బార్ట్. అమెరికన్ రచయిత్రి ఎడిత్ వార్టన్ 1905లో రాసిన 'ద హౌస్ ఆఫ్ మర్త్' నాయిక. కారణం చెప్తే నవ్వుతారేమో, ఆవిడ లెక్కలు నాకు బాగా అర్థమయ్యాయి.

నేను అకౌంట్స్‌లో పనిచేస్తాను. అన్నా ప్రేమ కోసం కొడుకునీ, మొగుణ్ణీ, నలుగురిలో పరువునీ వదులుకుని చివరికి రైలు కింద పడుతుంది. చదువుతుంటే గొంతు పట్టేస్తుంది, కాదనను. కానీ ఆమె ఖర్చులు ఎవరు భరిస్తున్నారన్న బెంగ నాకెప్పుడూ రాలేదు. లిల్లీ విషయంలో ప్రతి పేజీలోనూ అదే బెంగ.

కథ మొదలయ్యేసరికి ఆమెకి 29 ఏళ్లు. న్యూయార్క్‌లో అందగత్తె అని పేరు. తల్లీ తండ్రీ లేరు, మేనత్త ఇంట్లో ఉంటుంది, ఆ మేనత్తగారు బుద్ధి పుట్టినప్పుడు చేతిలో ఇంత పెడుతుంది, అంతే. లిల్లీకి 19 ఏళ్లప్పటి భోజనాల బల్ల దగ్గరి సీన్ ఒకటుంది. రోజూ బల్ల మీదకి తాజా పూలుంటే బాగుంటుందని కూతురు అంటుంది. రోజుకి 12 డాలర్లవుతుంది. తండ్రి పగలబడి నవ్వి, 1,200కి ఆర్డరిచ్చెయ్యమంటాడు. ఆయన దివాళా తీశాడని ఇంట్లోవాళ్లకి తెలిసింది ఆ నవ్వు తర్వాతే. పూలంటే ఇష్టం పోలేదు, కొనే డబ్బు పోయింది. మిగతా నవలంతా దాదాపు ఇదే.

ఇక నన్ను పట్టేసిన చోటు. ధనవంతుల ఇళ్లకి చుట్టపుచూపుగా వెళ్లి వారాలకి వారాలు ఉన్నప్పుడు రాత్రిళ్లు వాళ్లతో కూర్చుని డబ్బు పెట్టి బ్రిడ్జ్ ఆడాలి. వాళ్లు పెట్టే తిండికీ, అప్పుడప్పుడూ ఇచ్చే గౌన్లకీ అది ఒకరకం పన్ను. ఒక రాత్రి గదికొచ్చి పర్సు చూసుకుంటే 20 డాలర్లే ఉంటాయి. ఎవరో కొట్టేశారనుకుంటుంది ముందు. కాగితం, పెన్సిల్ తీసుకుని మళ్లీ మళ్లీ కూడితే తేలింది, 300 డాలర్లు పేకాటలో పోయాయని.

సరిగ్గా ఈ పని నేనూ చేశాను. 2018లో మేం కొండాపూర్ వైపు ఒక గేటెడ్ కమ్యూనిటీలో అద్దెకి దిగాం. కిట్టీ పార్టీలో పన్నెండు మందిమి, మిగతా పదకొండు మందివీ సొంత విల్లాలు. నెలకి 5,000 కిట్టీ సమస్య కాదు, మన వంతు వచ్చినప్పుడు తిరిగొస్తుంది కదా. సమస్యంతా చుట్టూ ఉండేది. ఈ నెల అందరూ పైఠానీ, వచ్చే నెల ఆర్గాంజా, కట్టిన చీర మళ్లీ కట్టకూడదు, ఒకసారి కడితే "ఇది మీ మీద ఎప్పుడూ బావుంటుందండీ" అని నవ్వుతూ అంటారు. దీపావళికి తీన్ పత్తీ పేకాట. లేచి వెళ్లిపోతే బావుండదని కూర్చున్నాను. ఇంటికొచ్చి కరెంటు బిల్లు వెనకాల మూడుసార్లు కూడి చూశాను, 18,500. మర్నాడు మా అమ్మ పెట్టిన నాలుగు గాజులు తీసుకెళ్లి గోల్డ్ లోన్ పెట్టేశాను. మా ఆయనతో పాలిష్‌కి ఇచ్చానని చెప్పాను.

లిల్లీ నాకంటే పెద్ద గోతిలో పడింది. స్నేహితురాలి మొగుడు ట్రెనార్ తన తరఫున షేర్లలో పెట్టి లాభం తెచ్చిస్తున్నాడనుకుని 9,000 డాలర్ల దాకా పుచ్చుకుంటుంది. భార్య ఊళ్లో లేనప్పుడు ఆవిడ పేరు చెప్పి ఇంటికి రప్పించి వాడు అసలు సంగతి బయటపెడతాడు. షేర్లూ లేవు, లాభమూ లేదు, అది వాడి సొంత డబ్బు, దానికి బదులుగా ఏం కావాలో వేరే చెప్పక్కర్లేదు. ఆ క్షణం నుంచీ ఆ 9,000 ఆమె నెత్తిన అప్పు.

తర్వాత మాంటే కార్లోలో ఇంకో ఆవిడ, బెర్తా డార్సెట్, తన వ్యవహారం కప్పిపుచ్చుకోవడానికి డిన్నర్ దగ్గర అందరూ వింటుండగా లిల్లీ ఇక తమ పడవకి తిరిగి రావడం లేదని ప్రకటించేస్తుంది. ఒక్క వాక్యం. దాంతో న్యూయార్క్ తలుపులన్నీ ఒకదాని తర్వాత ఒకటి మూసుకుంటాయి. నా సంగతి అంత నాటకీయంగా జరగలేదు లెండి. రెండు నెలలు రాలేనన్నాను. నన్ను గ్రూప్‌లోంచి తీసేయలేదు, కొత్త గ్రూప్ పెట్టుకున్నారంతే. పాత గ్రూప్‌లో నేను సంక్రాంతి శుభాకాంక్షలు పెడితే బ్లూ టిక్స్ వచ్చి ఊరుకున్నాయి.

బెర్తా రాసిన ప్రేమలేఖలు లిల్లీ దగ్గరే ఉన్నాయి. అవి చూపించి బెదిరిస్తే చాలు, అన్నీ వెనక్కొస్తాయి, రోజ్‌డేల్ అనే బాగా డబ్బున్నాయన పెళ్లికి కూడా సిద్ధం. అవి ఎవరికి రాసినవో, లిల్లీ మనసుపడ్డ ఆ సెల్డెన్ ఇంట్లోనే, ఆయనకి తెలియకుండా మంటలో వేసేస్తుంది. మా ఆఫీసులో ఒక ఫ్రెండ్ చదివి "తిక్కదా అది?" అంది. నాకూ సగం అలాగే అనిపించింది. అప్పటికే టోపీల దుకాణంలో కూర్చుని చమ్కీలు కుట్టి, అన్నీ వంకరగా వచ్చాయని తిట్లు తిన్న మనిషి. చిన్నప్పటి నుంచీ ఆమెకి నేర్పిందల్లా అందంగా కనబడటం ఒక్కటే, సూది పట్టమంటే ఏం పడుతుంది?

(పక్క మాట: జర్మన్ నవల 'ఎఫీ బ్రీస్ట్' 1895లో వచ్చింది. అందులోనూ పాత ఉత్తరాలు బయటపడి ఆడమనిషి బతుకు కూలిపోతుంది, చిన్న వయసులోనే చచ్చిపోతుంది. ఆ కథకి మూలమైన అసలావిడ మాత్రం విడాకుల తర్వాత నర్సు పని చేసుకుంటూ 98 ఏళ్లు బతికి 1952లో పోయారు. రచయితలకి చావంటే ఎందుకంత తొందరో.)

చివరి రాత్రి. మేనత్త ఆస్తిలో సింహభాగం వేరే కజిన్‌కి పోయి లిల్లీకి దక్కిన 10,000 చెక్కు ఎట్టకేలకు వస్తుంది. అద్దె గదిలో కూర్చుని పాత బిల్లులన్నీ ముందేసుకుని ట్రెనార్ పేర చెక్కు రాసి కవర్లో పెట్టి, నిద్రకోసం క్లోరల్ తాగుతుంది. కావాలనే తాగిందో, నాలుగు చుక్కలు ఎక్కువైపోయాయో రచయిత్రి తేల్చలేదు. పొద్దున్నే సెల్డెన్ పరిగెత్తుకొస్తాడు, అందరూ ఏడ్చేది అక్కడే. నాకు ఏడుపొచ్చింది ఆ కవరు దగ్గర. ఎవరికీ బాకీ లేకుండా చేసుకుని మరీ పడుకుంది.

పుస్తకం అయిపోయిన రోజు రాత్రి మా ఆయనకి గాజుల సంగతి చెప్పేశాను. ఆయనకి ముందే తెలుసట. లోన్ మెసేజ్‌లు మొదటి నెల నుంచీ ఆయన ఫోన్‌కే వస్తున్నాయి.