గోల్కొండ తర్వాత గడప దాటలేదు

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. ఉండేది కూకట్‌పల్లిలో. ఎనిమిది నెలల కింద చికున్‌గున్యా వచ్చింది. జ్వరం తగ్గినా మోకాళ్లు, చీలమండల నొప్పులు పోలేదు. మొన్న సెలవుల్లో అందరూ బలవంతం చేస్తే గోల్కొండ వెళ్లి, సగం మెట్లెక్కి కూలబడ్డాను. రెండు రోజులు మంచం దిగలేదు. ‘నిన్ను తీసుకెళ్తే ఇంతే’ అన్నారు మావారు. అప్పటి నుంచి ఎక్కడికి పిలిచినా రానంటున్నాను. ఇప్పుడు పిల్లలు అడగడమే మానేశారు.
- ఒక సోదరి

జవాబు: మోకాళ్లు బాగున్నవాళ్లే కోట పైనున్న బాలాహిస్సార్ చేరేసరికి రొప్పుతారు. మిమ్మల్ని అక్కడికి తీసుకెళ్లడమే పొరపాటు. చికున్‌గున్యా నొప్పులు కొందరిని నెలల తరబడి వదలవు. ఇంకా జ్వరం చూసిన డాక్టరు మందులతోనే నెట్టుకొస్తుంటే ఒకసారి రుమటాలజిస్టుకు (కీళ్ల జబ్బుల డాక్టరుకు) చూపించుకోండి.

ఈసారి మొదట పబ్లిక్ గార్డెన్స్ చాలు. కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కితే రైలు మారకుండా నాంపల్లిలో దిగొచ్చు, లిఫ్ట్ ఉంటుంది. దగ్గరే కదా అని గేటుదాకా నడవకండి, ఆటో ఎక్కండి. ఆ ఓపిక లోపల కావాలి. పొద్దున్నే కీళ్లు బిగుసుకుంటుంటే అవి కాస్త వదులయ్యాకే బయల్దేరండి. చెట్టు కింద చోటు చూసుకుని ఫ్లాస్కులో టీ పోసుకోండి. పిల్లలు అక్కడి మ్యూజియంలో ఈజిప్టు మమ్మీని చూసొస్తారు, మీరు కదలక్కర్లేదు. గంట కాగానే, ఇంకాసేపు ఉండగలననిపిస్తున్నప్పుడే లేవండి. మర్నాడు పొద్దున స్టవ్ దగ్గర మామూలుగా నిలబడగలిగారా, అప్పుడు సరిపోయినట్టు. లేదంటే తర్వాతిసారి అరగంటే.

అది కుదిరాక సాలార్‌జంగ్ మ్యూజియం. అన్ని గదులూ తిరిగితే నాకే కాళ్లు పీకుతాయి! మీరు సంగీత గడియారం ఒక్కటే పెట్టుకోండి. పన్నెండింటికి కాస్త ముందే వెళ్లి కూర్చుంటే, చిన్న బొమ్మ బయటికొచ్చి పన్నెండు గంటలూ కొట్టడం చూడొచ్చు. శుక్రవారం మాత్రం సెలవు.

మీవారి మాట నొప్పించేదే. కానీ మీరు ఊరికే ‘రాను’ అంటుంటే, ఎంతవరకు రాగలరో వాళ్లకెలా తెలుస్తుంది? ఈసారి మీరే అడగండి: ‘ఆదివారం గంటసేపు వస్తా. నాకు చాలనిపిస్తే నేను ఇంటికి వెళ్లిపోతా, మీరు కావాలంటే ఉండండి.’ మెట్రో కార్డు, ఆటో డబ్బులు మీ పర్సులోనే ఉంచుకోండి. ఎప్పుడంటే అప్పుడు లేచి రావచ్చని తెలిస్తే సగం టెన్షన్ ఉండదు. శనివారం రాత్రికి ఒళ్లు సహకరించేలా లేకపోతే అప్పుడే చెప్పేయండి, పై ఆదివారం చూసుకోవచ్చు.