పడవ బేరంలో టేపు ఎక్కడ పెట్టాలి

అల్లుడికి మామ ఆశీస్సులు.

జువ్వలదిన్నెలో పాత ఫైబర్ పడవ చూశావనీ, అమ్మేవాడు 32 అడుగులంటున్నాడనీ మీ అమ్మ చెప్పింది. ఆ 32 ఎక్కడి నుంచి ఎక్కడికో తేలేదాకా అడ్వాన్సు ఇవ్వొద్దు నాయనా.

చాలామంది పడవ అంచు వెంబడే టేపు పరిచి చూపిస్తారు. అంచు విల్లులా వంగి ఉంటుంది గదా, ఆ సైజు పడవకు అరడుగు నుంచి అడుగు దాకా ఊరికే కలిసొస్తుంది, అదీ అమ్మేవాడికి. నువ్వు మాత్రం పడవను చదునైన చోటికి లాగించు. వాలు ఇసుక మీద అణియం, అంటే పడవ ముందు భాగం, పైకి లేచి ఉంటే కొలత తగ్గుతుంది. ట్యూబులో నీళ్ళు పోసి మట్టం చూసుకుని, అటూ ఇటూ చెక్కలు దోపించు. అణియం కొస నుంచి ఒకటి, అమరం (వెనక భాగం) కొస నుంచి ఒకటి దారానికి గుండు కట్టి వదులు. గుండు ఆగాక కింద గుర్తులు పెట్టి, ఆ రెంటి మధ్య తిన్నగా కొలువు. అదే మొత్తం పొడవు. అమరానికి తగిలించిన ఇంజను, ముందుకు పొడుచుకొచ్చిన లంగరు కప్పీ, బోల్టు విప్పితే ఊడొచ్చేది ఏదైనా సరే, పడవ ఒంటి లెక్కలోకి రాదు.

తర్వాత రిజిస్ట్రేషన్ కాగితం అడుగు. 32 అడుగులంటే 9.75 మీటర్లు. అక్కడ 9.2 అని ఉంటే అది 30 అడుగుల పడవే, బేరం అక్కడి నుంచి మొదలుపెట్టు.

నీళ్ళలో ఉన్నప్పుడు నీటిగీత దగ్గర పొడవు వేరే. అణియం ముందుకు వాలి ఉంటుంది కాబట్టి అది ఎప్పుడూ తక్కువే. నీటిని తోసుకుంటూ పోయే బరువైన మరబోటుకు వేగం ఈ పొడవును బట్టే. అడుగుల్లో దాని వర్గమూలాన్ని 1.34తో హెచ్చవేస్తే వేగం నాట్లలో, అంటే గంటకు ఇన్ని సముద్ర మైళ్ళని, వస్తుంది. 36 అడుగులకు సుమారు 8. ఆపైన ఎంత పెద్ద ఇంజను పెట్టినా డీజిలు తగలెయ్యడమే. నీ తేలిక పడవ నీటిమీద లేచిపోతుంది, దానికి ఈ లెక్క పట్టదు. మరబోటు కొనే ఆలోచన వచ్చినప్పుడు గుర్తుపెట్టుకో.

కృష్ణపట్నం రేవులో ఓడ దాన్ని కట్టే బెర్తుకు పట్టుద్దా లేదా అన్నదానికి చూసేది మొత్తం పొడవే. ఓడల పరిమాణం లెక్కగట్టే 1969 అంతర్జాతీయ టన్నేజీ ఒప్పందానికి మాత్రం పొడవంటే వేరే: ఓడ అడుగుభాగం నుంచి డెక్కు దాకా ఉన్న ఎత్తులో 85 శాతం దగ్గర నీటిగీత పొడవులో 96 శాతం, లేదా ఆ గీత మీదే అణియం నుంచి చుక్కాని కడ్డీ దాకా, ఏది ఎక్కువైతే అది. ఒకే ఓడకు కాగితానికో పొడవు ఉందంటే దొంగలెక్క అనుకోబోకు.

గుడ్డటేపు వద్దు, సాగుతుంది. నా స్టీలు టేపు ఇంట్లోనే ఉంది, పొయ్యేటప్పుడు పట్టుకుపో. అవతలి కొస పట్టేదానికి అమ్మేవాడి మనిషిని కాకుండా మీ తమ్ముణ్ణి తీసుకుపో.

మీ మామ