వైజాగ్‌లో పిల్లలకు ఒడ్డునే సముద్ర జీవుల్ని చూపించాలంటే ఎక్కడికి, ఎప్పుడు వెళ్ళాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా: జనవరిలో హైదరాబాద్ నుంచి వైజాగ్ వస్తున్నారు, ఐదేళ్ళ పాప, తొమ్మిదేళ్ళ బాబు. జూ, అక్వేరియం కాకుండా బతికున్న సముద్ర జీవుల్ని ఒడ్డునే చూపించాలని ఉంది. ఎవరైనా దగ్గరుండి చూపించే కార్యక్రమాలు ఉన్నాయా, లేక సొంతంగా వెళ్ళొచ్చా అని అడిగారు.

రెండూ కుదురుతాయండి. కాకపోతే టికెట్లు, హోటల్ బుక్ చేసుకునే ముందే మీరు వచ్చే రోజుల్లో ఆటుపోట్ల వేళలు చూసుకోండి. ఈ ఊళ్ళో పెరిగి, నా ఇద్దరు పిల్లల్నీ ఈ రాళ్ళ మీదే తిప్పాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను: ఏ బీచ్‌కి వెళ్ళారన్నది ఎంత ముఖ్యమో, ఎన్ని గంటలకు వెళ్ళారన్నది అంతకంటే ముఖ్యం. అదే రాళ్ళ దగ్గరకు పోటు మీద, అంటే నీళ్ళు ఒడ్డు మీదకు వచ్చిన వేళ, వెళితే అలలు తప్ప ఏమీ కనిపించవు. ఆటు మీద, అంటే నీళ్ళు బాగా వెనక్కి తీసిన వేళ, వెళితే పిల్లల్ని ఇంటికి రమ్మని లాక్కురావాలి.

మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ఇవాళ పొద్దున ఆరింటికి ఆటు ఉంటే రేపు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకీ పౌర్ణమికీ దగ్గర్లో నీళ్ళు ఎక్కువ దూరం వెనక్కి తీస్తాయి. అష్టమి, నవమి రోజుల్లో పోటుకీ ఆటుకీ పెద్ద తేడా ఉండదు. జోడుగుళ్ళపాలెంలో వల బాగు చేసుకుంటున్న ఒక పెద్దాయన మాతో "పున్నమెళ్ళిన రెండో రోజు రండమ్మా, రాళ్ళన్నీ బయటపడతాయి" అన్నాడు. ఆయన మాట అక్షరాలా నిజం. సూర్యచంద్రులు ఒకే వరసలోకి వచ్చిన రోజుకంటే ఒకటి రెండు రోజులు ఆలస్యంగానే సముద్రం బాగా వెనక్కి వెళుతుంది. ఏ రోజు ఎన్ని గంటలకు ఆటు అన్నది నెట్‌లో సులువుగా దొరుకుతుంది. మీ హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ సముద్రం పరిస్థితి మీద సమాచారం, పెద్ద అలల హెచ్చరికలు ఇస్తుంది. ఆటు వేళ ఎంత బాగున్నా, ఆ రోజు అలల హెచ్చరిక ఉంటే రాళ్ళ మీదకు వెళ్ళొద్దు.

ఆటు సమయానికి గంట, గంటన్నర ముందే ఒడ్డున ఉండండి. నీళ్ళు వెనక్కి వెళుతుంటే వాటి వెంట మెల్లగా ముందుకు నడవండి, మళ్ళీ పోటు మొదలవగానే వెనక్కి వచ్చేయండి.

చోటు విషయానికొస్తే, ఆర్కే బీచ్ నుంచి భీమిలి వైపు వెళ్ళే దారంతా అక్కడక్కడా రాళ్ళ ఒడ్డులు తగులుతూనే ఉంటాయి. తెన్నేటి పార్కు దిగువన, జోడుగుళ్ళపాలెం దగ్గర, రుషికొండలో, ఇంకాస్త ముందుకు మంగమారిపేటలో. మంగమారిపేటలో సముద్రం చెక్కిన సహజ శిలాతోరణం కూడా ఉంది, మీ బాబుకి అది బాగా నచ్చుతుంది. ఐదేళ్ళ పాప ఉంది కాబట్టి మీరు రుషికొండ వైపు మొదలుపెట్టడం మంచిది. ఇసుకా రాళ్ళూ పక్కపక్కనే ఉంటాయి, పాప విసిగిపోతే ఇసుకలో ఆడుకోవచ్చు. యారాడ అందంగా ఉంటుంది కానీ అక్కడి అలల్ని నమ్మలేం, చిన్న పిల్లలతో నేనైతే వెళ్ళను.

ఇక రాళ్ళ మధ్య గుంటల్లో ఏముంటుంది? మొదటి ఐదు నిమిషాలూ ఏమీ లేదనిపిస్తుంది. చాలామంది అక్కడే ఆగి, సెల్ఫీ తీసుకుని వెళ్ళిపోతారు. మీరు అలా చేయకండి. ఒక్కటంటే ఒక్క గుంట ఎంచుకుని, మీ నీడ నీళ్ళ మీద పడకుండా పిల్లల్ని గట్టు మీద కూర్చోబెట్టండి. మాట్లాడకుండా కూర్చుంటే, కాసేపటికి ఒక గవ్వ నడుస్తుంది. అది హెర్మిట్ పీత. దాని వెనక భాగం మెత్తగా, పెంకు లేకుండా ఉంటుంది కాబట్టి చచ్చిపోయిన నత్త వదిలేసిన శంఖంలో దూరి బతుకుతుంది, ఒళ్ళు పెరిగేకొద్దీ పెద్ద శంఖం వెతుక్కుంటుంది. ఒకసారి మా అమ్మాయి కళ్ళముందే ఒక పీత ఖాళీ శంఖం ఒకటి దొర్లించి చూసి, లోపల కాళ్ళు పెట్టి కొలత తీసుకుని, గబుక్కున పాత దానిలోంచి కొత్త దానిలోకి మారింది. అంతా రెప్పపాటులో అయిపోయింది. అప్పటి నుంచి మా ఇంట్లో బీచ్ నుంచి శంఖాలు తీసుకురావడం మానేశాం. ఎవరూ ఆపాల్సిన పని లేకుండా పిల్లలే మానేశారు. ఖాళీగా ఉందనుకుని మనం ఏరుకెళ్ళేది ఇంకొకరికి ఇల్లని వాళ్ళకు కళ్ళతో చూస్తేనే అర్థమైంది.

రాళ్ళకు గట్టిగా అంటుకుని, కాలికి గుచ్చుకునే తెల్లటి గరుకు పెంకులు కనిపిస్తాయి కదా, అవి బార్నకిల్స్. చూస్తే నత్త జాతి అనుకుంటాం, నిజానికి రొయ్యకీ పీతకీ చుట్టాలు. నీళ్ళలో మునిగి ఉన్నవాటిని దగ్గరగా చూడమనండి. పైన మూత తెరుచుకుని, సన్నటి కాళ్ళు దువ్వెన పళ్ళలా బయటికి వచ్చి నీటిని గీరి లోపలికి వెళతాయి. అలా నీళ్ళలోని తిండి వడకట్టుకుంటాయి. మీ తొమ్మిదేళ్ళ బాబుకి ఒక భూతద్దం కొనివ్వండి, వంద రూపాయల లోపే దొరుకుతుంది, అంతకు మించిన సామాను అక్కర్లేదు. ఇంకా పువ్వుల్లా కనిపించే సీ అనిమోన్లు అనే జీవులు, రాతి సందుల్లో ముళ్ళతో సీ అర్చిన్లు, రాయి రంగులోనే ఉండి కదిలితే తప్ప కనిపించని బుల్లి చేపలు ఉంటాయి. అనిమోన్ నీరు లేనప్పుడు ముడుచుకుని జిగురుముద్దలా ఉంటుంది, నీళ్ళలో విచ్చుకుంటుంది. దాన్ని వేలితో పొడవనివ్వకండి.

మీరడిగిన కార్యక్రమాల సంగతి. వైజాగ్‌లో ఈస్ట్ కోస్ట్ కన్జర్వేషన్ టీమ్ వాళ్ళు ఆటు వేళల్లో జనాన్ని రాళ్ళ మీదకు తీసుకెళ్ళి జీవుల్ని చూపించే నడకలు నిర్వహిస్తుంటారు. తేదీలు ముందుగా కనుక్కుని, వీలైతే మీ ప్రయాణాన్నే దానికి తగ్గట్టు సర్దుకోండి. ఇలాంటి నడకకి ఒక్కసారి వెళితే తర్వాత సొంతంగా చూడటం వచ్చేస్తుంది. మా కళ్ళకు ఆనని సీ స్లగ్‌ని (పెంకు లేని సముద్రపు నత్త), ఒక రాతి అంచు కింద చిటికెన వేలి గోరంత ఉన్నదాన్ని, తెలిసినవాళ్ళు ఇట్టే చూపించారు. అన్నిటికంటే పనికొచ్చింది వాళ్ళు రాయి ఎత్తి చూపించిన పద్ధతి. చిన్న రాయిని మెల్లగా ఒక పక్కకు ఎత్తి, చూశాక మళ్ళీ అదే చోట అదే వైపు కిందికి ఉండేలా పెట్టేస్తారు. బోర్లా తిప్పి వదిలేస్తే అడుగున నీడలో బతికేవన్నీ ఎండకి చచ్చిపోతాయి. పెద్దవాళ్ళే ఈ పని ఎక్కువ చేస్తుంటారు, చూస్తే బాధేస్తుంది.

రాళ్ళ మీద భద్రత గురించి రాజీ వద్దు. పాకుడు పట్టిన పచ్చటి రాయి మీద అడుగేస్తే జారడం ఖాయం, కాబట్టి హవాయి చెప్పులు వద్దు, పాత స్కూలు బూట్లు వేయించండి. ఇద్దరు పిల్లలకి కనీసం ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి, వాళ్ళలో ఒకరు ఎప్పుడూ సముద్రం వైపే చూస్తుండాలి. అల తడుపుతున్న చివరి రాళ్ళ దాకా వెళ్ళొద్దు. శంకు ఆకారంలో, మీద అందమైన మచ్చలున్న నత్త కనిపిస్తే అస్సలు ముట్టుకోకూడదు. కోన్ స్నెయిల్ విషపు ముల్లుతో పొడుస్తుంది. ఇసుకలో నీలం రంగు బుడగలాంటిదో, జెల్లీ చేపో కొట్టుకొచ్చి ఉంటే అది చచ్చినా సరే తీగలు తగిలితే మంట పుడుతుంది. పొరపాటున తగిలితే రుద్దకుండా, మంచినీళ్ళు పోయకుండా, సముద్రపు నీళ్ళతోనే కడిగి డాక్టర్ దగ్గరకు తీసుకెళ్ళండి. ఇంకొకటి, సీ హార్స్, సీ కుకుంబర్, పగడాలు, కొన్ని రకాల పెద్ద శంఖాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్నవి. ఒడ్డున అమ్మకానికి పెట్టినా కొనకండి.

రాళ్ళు కుదరని రోజు ఇసుక బీచ్ కూడా చాలా బాగుంటుంది. ఆటు వేళ తడి ఇసుక మీద మిరియపు గింజలంత ఉండలు గుండ్రంగా పరిచి ఉంటాయి. చిన్న పీతలు ఇసుకలోని తిండి నోటితో తీసుకుని మిగతాది ఉండ చేసి పడేస్తాయి. మధ్యలో బొరియ ఉంటుంది, కదలకుండా నిలబడితే బయటకొస్తాయి. పొద్దున్నే జాలర్లు పెద్దవల లాగుతుంటే దగ్గరకెళ్ళి అడిగి చూడండి. నెత్తళ్ళు, కవళ్ళు, కానాగంతలు, అప్పుడప్పుడు చిన్న టేకు చేప (బల్లపరుపుగా ఉండే రే చేప), ఇవన్నీ పేర్లతో సహా చెప్పే గురువులు వాళ్ళే. పని మధ్యలో అడ్డు పడకుండా, వెళ్ళేటప్పుడు కాసిన్ని చేపలు కొంటే సంతోషిస్తారు.

తాబేళ్ళ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే జనవరిలో వస్తున్నారు. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే కాలం అది. ఒక్కో తల్లి వంద పైచిలుకు గుడ్లు పెడుతుంది, పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు పడుతుంది. కుక్కలూ నక్కలూ తవ్వి తినకుండా అటవీశాఖ వాళ్ళు గుడ్లను సేకరించి ఒడ్డునే కంచె వేసిన హేచరీల్లో పాతిపెడతారు. జోడుగుళ్ళపాలెం వైపు అలాంటిది ఉంది. పిల్లల్ని సముద్రంలోకి వదలడం మాత్రం ఎక్కువగా మార్చి, ఏప్రిల్‌లలో. కాబట్టి మీరొచ్చేటప్పటికి అది చూడలేరు.

చూడగలిగే అవకాశం ఉన్నది ఇంకొకటి ఉంది, దానికి ముందే సిద్ధంగా ఉండండి. జనవరి, ఫిబ్రవరిల్లో చచ్చిపోయిన తాబేళ్ళు ఒడ్డుకు కొట్టుకొస్తుంటాయి. మా చిన్నది అలాంటి దాన్ని చూసి "ఈతొచ్చిన తాబేలు మునిగి ఎలా చచ్చిపోతుంది?" అని అడిగింది. తాబేలుకి మొప్పలు ఉండవు, మనలాగే ఊపిరితిత్తులు. గాలి కోసం పైకి రావాలి. మరపడవలు నీళ్ళలో లాక్కెళ్ళే ట్రాల్ వలలో ఇరుక్కుంటే పైకి రాలేదు. వలకి తాబేలు తప్పించుకునే దారి అమర్చే పరికరం ఉంది, తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధమూ ఉంది, కానీ గుడ్ల కాలంలో ఎక్కువ భాగం అంతకు ముందే గడిచిపోతుంది. ఇదంతా మా చిన్నదానికి చెప్పాను. కళ్ళు మూసి పక్కకు తీసుకెళ్ళలేదు. పిల్లలు మనం అనుకున్నదానికంటే బాగా తట్టుకుంటారు, నిజం చెబితే ఇంకా గట్టిగా పట్టించుకుంటారు. మీ పాప మరీ చిన్నది కాబట్టి ఎంత చెప్పాలో మీరే చూసుకోండి.

వేసవిలో మళ్ళీ రాగలిగితే తాబేలు పిల్లల్ని వదిలే రోజుకి తప్పక రండి, తెల్లవారుజామున ఇసుక చల్లగా ఉన్నప్పుడే ఉంటుంది. అటవీశాఖ వాళ్ళు గీసిన గీత దాటకూడదు, చేతిలోకి తీసుకోకూడదు, ఫ్లాష్ కొట్టకూడదు. బొటనవేలంత తాబేలు పిల్ల ఇసుక మీద తనంతట తానే పాకి నీళ్ళలోకి వెళ్ళాలి. వెలుతురున్న వైపు వెళ్ళడం వాటికి పుట్టుకతో వచ్చిన గుణం, మన ఫోన్ లైటు చూస్తే దారి తప్పుతాయి. ఒక ఏడాది గుంపులో కొందరు గీత దాటి ముందుకు తోసుకొచ్చారు, కాళ్ళ కింద పడతాయేమోనని మా గుండెలు అదిరిపోయాయి. అందుకే పిల్లలకు ఇంటి దగ్గరే నియమాలు చెప్పి తీసుకురండి. ఇది చదివే చెన్నై తెలుగువాళ్ళకి ఒక మాట: అక్కడ స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్ వాళ్ళు 1988 నుంచి ఈ కాలంలో రాత్రి నడకలు చేస్తున్నారు. అర్ధరాత్రి కిలోమీటర్ల కొద్దీ ఇసుకలో నడక, కాబట్టి కాస్త పెద్ద పిల్లలకే.

మీకు ఇంకో రెండు రోజులుంటే కాకినాడ దగ్గర కోరింగ అభయారణ్యం చూడండి. మడ అడవుల మధ్య చెక్క వంతెన మీద నడుస్తూ, ఆటు వేళ బురదలో గెంతే చేపల్ని, ఒక చెయ్యి మాత్రమే పెద్దగా ఉండే మగ ఫిడ్లర్ పీతల్ని పైనుంచే చూడొచ్చు. జారిపడే భయం ఉండదు, మీ పాపకి రాళ్ళ కంటే అదే బాగా నచ్చొచ్చు.

సంక్రాంతి సెలవుల్లో, ముఖ్యంగా కనుమ నాడు, బీచ్‌లన్నీ జనంతో నిండిపోతాయి. ఆ రెండు మూడు రోజులు తప్పించుకోండి. మీ తేదీలు ఖాయం అయ్యాక ఇక్కడే రాయండి, ఆటు వేళలు చూసి ఏ పొద్దున ఏ ఒడ్డు బాగుంటుందో చెబుతాను.