కోడలు జ్యూయిష్ అమ్మాయి, కొత్త ఇంటి గోడకి ఏం ఇవ్వాలి?

మీ అబ్బాయీ కోడలూ డాలస్‌లో ఇల్లు కొన్నారు, ఇల్లంతా తెల్ల గోడలు, సింపుల్ ఫర్నిచర్, కోడలు జ్యూయిష్ (యూదు) కాబట్టి వాళ్ళ సంప్రదాయానికి చెందిందే, కానీ ఇప్పటి స్టైల్‌లో ఉన్నది ఒకటి గృహప్రవేశానికి ఇవ్వాలనుంది, ఏది కొనాలి ఎక్కడ పెట్టాలి, ఇదే కదండీ మీరడిగింది. నాది తెనాలి, మావారు జ్యూయిష్, న్యూజెర్సీలో హైలాండ్ పార్క్‌లో ఉంటాం, పెళ్ళై పదకొండేళ్ళు. ఇన్నేళ్ళలో గోడలకి పెట్టినవీ తీసేసినవీ చాలా ఉన్నాయి, నాకు తెలిసింది చెప్తాను.

మనకి గోడకి పెట్టేదంటే ముందు గుర్తొచ్చేది దేవుడి పటం. వాళ్ళు దేవుణ్ణి బొమ్మగా వెయ్యరు, అందుకే వాళ్ళ కళలో చాలా భాగం అక్షరంలోకి వెళ్ళింది. మైక్రోగ్రఫీ అని ఒకటుంది, దూరం నించి చూస్తే చెట్టో సింహమో కనిపిస్తుంది, దగ్గరికెళ్తే గీత అనుకున్నదంతా చీమ తలకాయంత హీబ్రూ అక్షరాలే. వెయ్యేళ్ళ పై నించీ ఉన్న పద్ధతి ఇది, ఇప్పటి ఆర్టిస్టులూ చేస్తున్నారు, తెల్ల గోడ మీద నల్ల ఇంకుతో అలాంటిది ఒక్కటుంటే గది నిండిపోతుంది. అందుకని మీరు ఏది కొన్నా ముందు దాని మీద ఏం రాసుందో కనుక్కోండి, డిజైన్ తర్వాత చూసుకోవచ్చు.

పెళ్ళైన కొత్తలో నేను ఆ పని చెయ్యలేదు. ఆన్‌లైన్‌లో షాలోం (శాంతి) అని హీబ్రూలో రాసున్న పెద్ద కాన్వాస్ ప్రింట్ ఆర్డర్ చేసి హాల్లో తగిలించా. హీబ్రూ కుడి నించి ఎడమకి రాస్తారు, షిన్, లామెద్, వావ్, మెమ్. షిన్ మూడు కొమ్మలతో ఉంటుంది, అది కుడి చివర రావాలి, మాట చివర వచ్చే మెమ్ నాలుగు వైపులా మూసేసిన డబ్బాలా ఉంటుంది, అది ఎడమ చివర రావాలి. నాకొచ్చిన దాంట్లో డబ్బా కుడివైపుంది, అంటే మాట మొత్తం తిరగబడింది. మా అత్తగారు వచ్చినప్పుడు దాని ముందు కాసేపు నిలబడి, నన్ను పిలిచి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదవడం నేర్పారు. నేను హీబ్రూ చదివిన మొదటి మాట అదే. షాపువాళ్ళు వాపసు తీసుకోలేదు. మీరు మాత్రం ఆ డబ్బా ఎటుందో చూసి కొనండి, ఇంకా మంచిది హీబ్రూ వచ్చినవాళ్ళకి ఫోటో పంపి చూపించుకోవడం.

ఇంకో సంగతి, మీ పిల్లలు పెళ్ళికి కెతుబా రాయించుకున్నారా? అది వాళ్ళ పెళ్ళి ఒప్పంద పత్రం, సంప్రదాయంగా అరామిక్ భాషలో ఉంటుంది, సాక్షులు ఇద్దరు సంతకం పెడతారు, ఇప్పుడు చాలామంది హీబ్రూ, ఇంగ్లిష్ రెండిట్లో సొంత మాటలతో రాయించుకుంటున్నారు. చాలా ఇళ్ళల్లో అది చుట్ట చుట్టి ట్యూబులో అలాగే పడుంటుంది. అలా ఉంటే దానికి మంచి ఫ్రేమ్ కట్టించి ఇవ్వండి, కొత్తది కొనేకంటే అదే బాగుంటుందని నా అభిప్రాయం. మాది పేపర్‌కట్, అంటే కాగితాన్ని కత్తిరించి చేసింది, పూర్వం పోలండ్ వైపు యూదులు చాకుతో చేసేవాళ్ళు, మాది లేజర్‌తో చేసిందే. చుట్టూ దానిమ్మ కొమ్మలు, దానిమ్మలో 613 గింజలుంటాయని, వాళ్ళ పవిత్ర గ్రంథం తోరాలో ఆజ్ఞలూ అన్నేనని వాళ్ళ నమ్మకం. ఫ్రేమ్ కట్టే అతను కాగితానికీ వెనక నీలం అట్టకీ మధ్య అరంగుళం ఖాళీ వదిలాడు, లైటు పక్క నించి పడితే కొమ్మల నీడ అట్ట మీద పడుతుంది, సాయంత్రం ఆ నీడ సాగి ఇంకో కొమ్మ మొలిచినట్టుంటుంది. కానీ రెండేళ్ళు కిటికీకి ఎదురుగా పెట్టాం, ఒక సాక్షి సంతకం మామూలు పెన్నుది, పాలిపోయింది. యూవీ గ్లాస్ వేయించండి, ఎండ పడని గోడ చూడండి.

తూర్పు గోడ ఖాళీగా ఉంటే మిజ్రాహ్ ఇవ్వచ్చు. ఆ మాటకి అర్థమే తూర్పు, ప్రార్థన జెరూసలేం వైపు తిరిగి చేస్తారు కాబట్టి దిక్కు గుర్తుకోసం పెట్టే పటం, మోడర్న్ డిజైన్లలో అచ్చం అబ్‌స్ట్రాక్ట్ పెయింటింగులా ఉండేవీ వస్తున్నాయి. డాలస్‌కి తూర్పే, మన వైపైతే జెరూసలేం పడమరలో ఉంటుంది. (మా తెనాలికి దగ్గర్లో, చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే యూదులు, బెనె ఎఫ్రాయీం వాళ్ళు ఉన్నారని నాకు పెళ్ళయ్యాకే తెలిసింది, ఇన్నాళ్ళూ తెలియనందుకు చాలా బాధేసింది.)

గుమ్మం దగ్గరకైతే హంసా, అయిదు వేళ్ళ చెయ్యి, మన దిష్టి లాంటి నమ్మకమే, మీకు ఎవరూ వివరించక్కర్లేదు. మెజూజా, అంటే ద్వారబంధానికి బిగించే చిన్న కేస్, కొంటే పై కేస్ ఒక్కటే కొనకండి, లోపల తోరాలోని ద్వితీయోపదేశకాండం వాక్యాలు చేత్తో రాసిన తోలు చుట్ట ఉండాలి, ప్రింట్ చేసిన కాగితం చెల్లదు.

అక్షరాలు వద్దు రంగులు కావాలంటే ఇజ్రాయెల్ ఆర్టిస్టు యాకోవ్ అగామ్ చేసిన అగామోగ్రాఫ్ అనే ప్రింట్లు చూడండి, మీరు ఇటు నించి అటు నడుస్తుంటే బొమ్మ మారుతుంది, మా పాప దాని ముందు రోజూ అటూ ఇటూ పరిగెడుతుంది. ఇంకో ఇజ్రాయెల్ ఆర్టిస్టు డేవిడ్ గెర్‌స్టీన్‌వి రేకుని కత్తిరించి రంగులేసి పొరలు పొరలుగా అమర్చినవి, తెల్ల గోడకి చాలా బాగుంటాయి. యూదు చిత్రకారుడు షగాల్ జెరూసలేం హదస్సా ఆసుపత్రికి చేసిన, 1962లో అక్కడ అమర్చిన పన్నెండు రంగుల గాజు కిటికీల పోస్టర్లు కూడా దొరుకుతాయి, ఆ నీలం మీద నాకు ప్రాణం.

చివరగా ఒకటి. పెళ్ళిలో మీ అబ్బాయి కాలితో గ్లాసు పగలగొట్టాడా? క్రీ.శ. 70లో రోమన్లు కూల్చేసిన జెరూసలేం ఆలయాన్ని తలుచుకోడానికి అని చెప్తారు. అదే జ్ఞాపకంతో కొన్ని ఇళ్ళల్లో గుమ్మానికి ఎదురుగా ఉన్న గోడ మీద మూరెడు పొడవూ మూరెడు వెడల్పూ రంగు వెయ్యకుండా వదిలేస్తారు. మావారి పిన్నిగారింట్లో మొదటిసారి చూసినప్పుడు పెయింటర్ మర్చిపోయాడనుకున్నా, ఆవిడ చెప్పాక ఆ గరుకు చదరాన్ని చేత్తో తడిమి చూశాను. మీ కోడలు అలాంటిది వదిలిందేమో ముందే అడగండి, వదిలితే మీ బహుమతికి వేరే గోడ చూడండి.