ఎత్తు బండికి మంచు టైర్లు కొనే ముందు ఈ మామ మాట రొంత విను

అల్లుడూ,

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోన్ పట్టుకోని ఇంటికొచ్చి నీ కొత్త బండి ఫోటో చూపించింది. "ఇదేందిరా, వీడు లారీ ఏమన్నా కొన్నాడా" అని ఒకటే కంగారు. నాకు నవ్వొచ్చింది గానీ ఫోటో పెద్దది చేసి టైరు పక్కన రాసింది చదివినాక ఆ నవ్వు పోయింది. ఫోర్డ్ ఎఫ్-150 పికప్పు, బండిని ఆరంగుళాలు పైకి లేపే లిఫ్టు కిట్టు, 20 అంగుళాల డిస్కు (చక్రం రిమ్ము), దానికి 35 అంగుళాల ఎత్తు పన్నెండున్నర అంగుళాల వెడల్పు ఉండే మడ్ టైర్లు, అంటే బురదలో తోలేదానికి చేసినవి. చూసేదానికి బాగుండాది, నిండా బాగుండాది, కాదనను. అమెరికాలో మంచు పడే డెన్వర్ లో ఉంటా ఆ టైర్లతో చలికాలం తోలతానంటే మాత్రం ఒప్పుకోను, అందుకే కూచోని ఈ ఉత్తరం టైపు చేస్తా ఉండా, తప్పులుంటే సర్దుకో.

తిరపతిలో టైర్ల అంగడి పెట్టుకున్నోడికి మంచు గురించి ఏం తెలుసు అనుకుంటావేమో. అంగడి పెట్టకముందు నేను ఫౌజులో డ్రైవర్నని మర్చిపోయినట్టుండావు. కార్గిల్ దావలో శక్తిమాన్ లారీలకి చైన్లు కట్టి తోలినోడిని. అది కాక మీ చెల్లెలు మినియాపోలిస్ లో ఉన్నప్పుడు రెండు చలికాలాలు ఆడే ఉన్న్యా, ఏమీ తోచక దగ్గర్లో ఉండే టైరు షాపుకి పోయి నిలబడేవాడిని, ఆ షాపోళ్ళు కూడా ఈ ముసలాయన మనోడే అనుకోని కుర్చీ వేసేవాళ్ళు.

ముందు రబ్బరు సంగతి. చలికాలంలో కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టేది చూసినావు గదా, టైరు రబ్బరు కూడా అంతే, గడ్డ కట్టదు గానీ బిరుసెక్కతాది. సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కిందికి పోతే మామూలు టైరు గట్టిపడి రోడ్డుని పట్టుకోవడం మానేస్తాది. మన ఊర్లో ఎండాకాలం 40 దాటతాది కాబట్టి మనకి గట్టి రబ్బరే కావాల, వింటర్ టైరులో సిలికా ఎక్కువేసి ఎంత చలిలో అయినా మెత్తగా ఉండేట్టు చేస్తారు. బటన్ల మీద, అంటే టైరు పైన నేలకి ఆనే రబ్బరు దిమ్మెల మీద చూస్తే బ్లేడుతో గీసినట్టు సన్న సన్న గీతలు వందల్లో ఉంటాయి, సైప్స్ అంటారు వాటిని, మంచు మీద ఆ గీతల అంచులే కరుచుకుంటాయి. నీ మడ్ టైరుకి బటన్లు ఇటికరాళ్ళ మాదిరి పెద్దగా ఉండాయి, గీతలు మాత్రం నామమాత్రం. బురద కయ్యలో రాజా అది, గడ్డకట్టిన తారు మీద మాత్రం సబ్బుబిళ్ళే.

టైరు మీద ఎం ప్లస్ ఎస్ (M+S, బురద, మంచు అని) ఉంటే చాలు మామా అంటావేమో, చాలదు. అది బటన్ల ఆకారం చూసి వేసే ముద్ర, దానికి మంచులో పరీక్ష ఏమీ లేదు. మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచురేకు ఉండే బొమ్మ ఉంటాది చూడు, అది ఉండాల. ఆ బొమ్మ రావాలంటే మంచు మీద నిజంగా తోలి లెక్క తీయాల. కానీ దాంట్లో కూడా ఒక మెలిక ఉండాది, ఆ పరీక్ష బండి మంచులో ఎంత బాగా ముందుకు లాగతాదని చూసేదే, గడ్డమంచు మీద ఎంత దూరంలో ఆగతాదని కాదు. బీఎఫ్ గుడ్రిచ్ కేవో2 మాదిరి ఆల్ టెరైన్ (అన్ని రకాల దావలకీ పనికొచ్చే) టైర్లకి కూడా ఆ బొమ్మ ఉంటాది, మంచి టైర్లే, ఎప్పుడో ఒకసారి మంచు పడే ఊరికి సరిపోతాయి. నువ్వు శని ఆదివారాలు కొండలెక్కతానంటా ఉండావు కాబట్టి అసలు వింటర్ టైరే తీసుకో.

ఇంక వెడల్పు దగ్గరికొస్తా, నీకు నచ్చని మాట ఇదే. మంచుకి సన్న టైరే మేలురా. వెడల్పు టైరు మీద బరువు పరుచుకోని పోతాది, కరిగీ కరగని బురదమంచు మీద బండి తేలతాది, స్టీరింగు తిప్పితే ఇంకెవరో తిప్పినట్టుంటాది. సన్న టైరు అదే బరువుని తక్కువ జాగాలో పెట్టి కిందికి కోసుకోని పోయి రోడ్డుని అందుకుంటాది. ఇది నాకు పుస్తకంలో చదివితే తెలియలా. 1998లో నా పాత జీపుకి సోకు కోసం వెడల్పు టైర్లు వేయించుకున్న్యా, ఎవరో చెప్పి కాదు, నా తలపొగరే. కార్తీకమాసం వానల్లో భాకరాపేట ఘాట్ దిగతా ఉంటే ఒక మలుపులో రోడ్డు మీద పారే నీళ్ళెక్కి జీపు జారుకుంటా పోయి పిట్టగోడకి జానెడు దూరంలో నిలబడింది. మీ అత్త పక్కనే కూచోనుంది. మూడు రోజులు నాతో మాట్లాడలా. వారం తిరక్కుండా ఆ టైర్లు తీసి పాత సైజువే వేసుకున్న్యా, ఆ రెండు వారాల సోకుకి అయిన ఖర్చు ఇప్పటికీ ఆమె లెక్క చెప్తాది. మనకి అది వాననీళ్ళు, నీకు బురదమంచు, తేలే సంగతి రెంటికీ ఒకటే.

అందుకని చలికాలానికి వేరే డిస్కులు, వేరే టైర్లు పెట్టుకో. 35 సైజులో అసలు వింటర్ టైర్లు దొరికేదే తక్కువ, 33 కి దిగితే బోలెడు దొరకతాయి. లెక్క నువ్వే వేసి చూడు: 275/70 ఆర్ 18 అని ఉంటే 275 మిల్లీమీటర్లు వెడల్పు, దాంట్లో 70 శాతం అంటే 192.5 పక్కగోడ ఎత్తు, పైనా కిందా కలిపి 385, డిస్కు 18 అంగుళాలంటే 457, మొత్తం 842 మిల్లీమీటర్లు, అంటే 33 అంగుళాల పైన కొంచెం. వెడల్పు పదకొండు అంగుళాల్లోపే. ఇంకా సన్నవి కావాలంటే 255/80 ఆర్ 17 ఉండాది, అదీ 33 అంగుళాలే, అయితే 17 డిస్కు నీ బండికి పడతాదా లేదా చూసుకో, ఆరంగుళాల లిఫ్టు కిట్లు కొన్నిట్లో స్టీరింగు నకిల్ (ముందు చక్రాన్ని పట్టుకోని తిప్పే ఇనుప భాగం) మార్చి ఉంటారు, చిన్న డిస్కు వేస్తే లోపల రాసుకుంటాది. కిట్టు కాగితంలో ఇంత సైజు డిస్కు, ఇంత ఆఫ్‌సెట్ (డిస్కు ఎంత లోపలికి, ఎంత బయటికి కూచుంటాదనే లెక్క) అని రాసుంటాది, అది చదవకుండా ఒక్క రూపాయి కూడా బయట తీయొద్దు. డిస్కు మరీ బయటికి పొడుచుకోని వచ్చేట్టు పెడితే స్టీరింగు పూర్తిగా కోసినప్పుడు టైరు బంపర్ మూలకి తగలతాది, మంచు పేరుకోని ఉన్నప్పుడు ఇంకా ఎక్కువ తగలతాది.

33 వేస్తే లుంగీ మోకాళ్ళ పైకి మడిచి కట్టినట్టు మడ్‌గార్డు కింద ఖాళీ కనపడతాది, తెలుసు. నాలుగు నెలలు ఫోటోలు తీసుకోవద్దు.

సైజు మారిస్తే స్పీడోమీటర్ కూడా మారతాది. కంపెనీ టైరు 32 అంగుళాల దగ్గర, ఇప్పుడు నువ్వు వేసుకున్నది 35, సెట్టింగు మార్పించకుంటే మీటరు 60 మైళ్ళు చూపించినప్పుడు నువ్వు 65 పైన పోతా ఉంటావు. చలికాలం టైర్లు వేసినప్పుడొకసారి తీసినప్పుడొకసారి అది సరిచేయించుకో.

నాలుగూ వేయాల. వెనక రెంటికే వేస్తే ముందు చక్రాలు తిరగమంటే తిరగవు, ముందు రెంటికే వేస్తే వెనక భాగం కుక్కతోక మాదిరి పక్కకి కొట్టుకుంటాది. ఫోర్ వీల్ డ్రైవ్ ఉండాది గదా మామా అని మాత్రం అనొద్దు. ఫోర్ వీల్ డ్రైవ్ కదిలేదానికి పనికొస్తాది, ఆగేదానికి కాదు, బ్రేకులు చిన్న కారుకి కూడా నాలుగు చక్రాలకీ ఉంటాయి. పైగా నీది లిఫ్టు చేసిన బండి, బరువు పైకి పోయింది, జారి పక్కకి పోయి దేనికన్నా తట్టుకుంటే పల్టీ కొట్టేదానికి మామూలు బండికన్నా ఎక్కువ అవకాశం. పైన కూచుంటే రోడ్డంతా కనపడతాది, ఆ ఎత్తు మనిషికి లేని ధైర్యం ఇస్తాది. ఫౌజులో మా ఉస్తాద్ ప్రతి దిగుడు ముందరా బండి ఆపి, కిందికి దిగి, రోడ్డుని బూటుతో గీకి చూసి, మళ్ళా ఎక్కేవాడు. మాకు విసుగు పుట్టేది. నువ్వు కనీసం టైర్లు వేయించినాక ఎవరూ లేని పార్కింగులో మంచు మీద నెమ్మదిగా పోతా బ్రేకు తొక్కి ఎంత దూరంలో ఆగతాదో చూసుకో.

షాపులో ఎల్టీ టైరా (లైట్ ట్రక్, బరువు మోసే బండ్లకి చేసే గట్టి టైరు) మామూలుదా అని అడగతారు. బరువు లాగకుండా ఆఫీసుకీ కొండకీ తిరిగేదానికి మామూలు టైరు మెత్తగా ఉంటాది, ట్రైలర్ కట్టేపనుంటే ఎల్టీ తీసుకో. ఎల్టీలో లోడ్ రేంజ్ E అంటే పాత లెక్కలో పది ప్లై (పది పొరల గట్టితనం), పక్కన 80 పీఎస్ఐ (గాలి ఒత్తిడి) అని రాసుంటాది, అది మోయగలిగినంత బరువు మోసేటప్పటి లెక్క, అంత గాలి కొట్టించి ఖాళీ బండి తోలితే టైరు మధ్యలోనే నేలకి ఆనతాది. డోరు దగ్గర స్టిక్కరు మీద ఉండేది పాత సైజుకి, కాబట్టి కొత్త సైజుకి ఎంతో షాపులో లోడ్ టేబుల్ (ఎంత బరువుకి ఎంత గాలి అనే పట్టీ) చూపించి చెప్పమను. ఇంకొకటి, 10 ఫారెన్‌హీట్ చలి పెరిగితే సుమారు 1 పీఎస్ఐ గాలి తగ్గతాది, పొద్దున్నే బండి కదలకముందే చూసుకో.

కంపెనీలంటే, నోకియన్ వాళ్ళ హక్కపెలీటా మంచి పేరు, ఫిన్‌లాండు కంపెనీ, 1934లోనే వింటర్ టైరు చేసినోళ్ళు. బ్రిడ్జ్‌స్టోన్ బ్లిజాక్, మిషెలిన్ ఎక్స్-ఐస్ స్నో కూడా బాగుంటాయి, నీ సైజు దేంట్లో దొరికితే అది. స్టడ్లు, అంటే ఇనుప మేకులుండేవి, నాకు ఇష్టం లేదు, గడ్డమంచు మీద పట్టు ఇస్తాయి నిజమే గానీ ఊర్లో ఉత్త తారు మీద గరగరమని చెవులు పోతాయి. మీ చెల్లెలుండిన మినియాపోలిస్ ఉండే మినెసోటా రాష్ట్రంలో అయితే అక్కడోళ్ళు వేసుకునేదానికే లేదు.

సెకండ్ హ్యాండు చూసినప్పుడు బటన్ ఎత్తు చూసి మోసపోవద్దు, రబ్బరు వయసు చూడు. టైరు పక్కన డాట్ (DOT) అని ఉండే నంబరు చివర నాలుగంకెలు ఉంటాయి, 3524 అంటే 2024లో 35వ వారం. గోరుతో నొక్కితే దిగకుండా రాయి మాదిరుంటే వదిలేయ్, మా అంగట్లో రీబటన్‌కి (అరిగినదాని మీద కొత్త రబ్బరు వేసేదానికి) వచ్చే టైర్లని నేను మొదట చూసేదే అట్ల.

మీ ఊరి నుంచి కొండలకి పోయే ఐ-70 రోడ్డులో మోరిసన్ నుంచి డొట్సెరో దాకా సెప్టెంబర్ 1 నుంచి మే 31 దాకా రూలు ఉండాది, ఫోర్ వీల్ బండికి కూడా బటన్ ఎత్తు 3/16 అంగుళం ఉండాల. ఆ దావలో సొరంగం 11 వేల అడుగుల ఎత్తులో ఉండాది, కార్గిల్ దావలో నేను తోలిన జోజిలా కనమకి కొంచెం తక్కువ అంతే, తేలిగ్గా తీసుకోవద్దు. చైన్లు ఒక జత పెట్టుకో, ఇంటి ముందరే రెండుసార్లు కట్టి ఇప్పి నేర్చుకో, అక్కడ చేతులు కొంకర్లు పోతా ఉంటే ఏదీ అర్థం కాదు. పికప్పు వెనక ఖాళీగా ఉంటే తేలిపోతాది, ఇసుక మూటలు నాలుగు వెనక యాక్సిల్ మీదికి వచ్చేట్టు పెట్టి బిర్రుగా కట్టేయ్, వదులుగా వదిలితే బ్రేకు కొట్టినప్పుడు అవే నీ మీదికొస్తాయి. డిస్కులు మార్చినాక ఒక వంద మైళ్ళలోపు నట్లు మళ్ళా టార్క్ రెంచితో (ఎంత బిగువో కొలిచి బిగించే పానా) బిగించుకో.

వేసంగిలో మాత్రం తీసేయ్, మెత్త రబ్బరు ఎండకి పెన్సిల్ రబ్బరు మాదిరి అరిగిపోతాది.

ఆ లిఫ్టు కిట్టు కాగితం ఫోటో తీసి వాట్సాపులో పంపు, డిస్కు ఆఫ్‌సెట్ నేను చూసి చెప్తా. మీ అమ్మకి బండి చిన్నదే అని చెప్పి పెట్టినా, నువ్వు కూడా అదే చెప్పు.

మీ మామ,
తిరపతి