ప్రయాణాల ప్రశ్నలు – జవాబులు: ట్రంక్ బేలో ఒక రోజు

ప్రశ్న: డిసెంబరు సెలవుల్లో కరీబియన్ సముద్రంలోని అమెరికా వర్జిన్ ఐలండ్స్‌లో, సెయింట్ థామస్ ద్వీపంలో నాలుగు రోజులు ఉంటున్నాం. ఒక రోజు పక్క ద్వీపం సెయింట్ జాన్‌లో ఉన్న ట్రంక్ బే తీరానికి వెళ్ళి, స్నార్కెలింగ్ (మాస్కు, గాలి గొట్టం పెట్టుకుని బోర్లా తేలుతూ నీటి అడుగు చూడడం) చేసి సాయంత్రానికి తిరిగి రావాలని ఉంది. పిల్లలకి 9, 13 ఏళ్ళు. ఎలా వెళ్ళాలి, ఎంత సేపు పడుతుంది?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: ముందు ఫెర్రీ టైము తేల్చుకోండి, మిగతావన్నీ దాన్ని బట్టే. సెయింట్ థామస్ తూర్పు కొసన ఉన్న రెడ్ హుక్ నుంచి సెయింట్ జాన్‌లోని క్రూజ్ బేకి రోజంతా దాదాపు గంటకొక ఫెర్రీ ఉంటుంది, ప్రయాణం 20 నిమిషాలు. మీ హోటల్ రాజధాని షార్లెట్ అమాలీ వైపు ఉంటే, పొద్దుటి ట్రాఫిక్‌లో రెడ్ హుక్ చేరడానికే ముప్పావు గంట పట్టొచ్చు. ఏడు గంటల ప్రాంతంలోని ఫెర్రీ అయితే మేలు, ఎనిమిది దాటనివ్వకండి.

క్రూజ్ బేలో దిగగానే ఎదురుగా టాక్సీలు ఉంటాయి. ట్రక్కు వెనక బెంచీలు వేసి, పైన టాపు కట్టిన తెరిచిన బళ్ళవి. చార్జీ మనిషికింత అని ప్రభుత్వం నిర్ణయించినదే, అయినా ఎక్కే ముందు అడిగి తెలుసుకోండి. నార్త్ షోర్ రోడ్డు మీద కొండ ఎక్కి దిగితే పావు గంటలో ట్రంక్ బే. దిగబోయే ముందు పైనుంచి తీరమంతా కనిపించే మలుపు ఒకటుంది. పోస్టుకార్డుల మీద చూసేది ఆ దృశ్యమే. ఆపమంటే డ్రైవర్లు సాధారణంగా ఆపుతారు. కారు అద్దెకు తీసుకోవాలనుకుంటే రెండు విషయాలు: కార్లు అమెరికావే అయినా ఇక్కడ నడిపేది ఎడమ వైపు, పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది. ఈ ఒక్క తీరానికైతే టాక్సీయే సుఖం.

ట్రంక్ బే వర్జిన్ ఐలండ్స్ నేషనల్ పార్కులో భాగం. ప్రవేశ రుసుము పదహారేళ్ళు నిండినవారికి 5 డాలర్లు, మీ పిల్లలిద్దరికీ ఉచితం. నేషనల్ పార్కుల వార్షిక పాస్ ఉంటే చూపించండి, చెల్లుతుంది.

చేరగానే దుప్పటి పరిచి టిఫిన్ విప్పకండి, ముందు నీళ్ళలోకి దిగండి. పది దాటాక క్రూజ్ షిప్‌ల జనం బళ్ళ నిండా వస్తారు; వాళ్ళ కాళ్ళకి ఇసుక లేచి నీరు మసకబారుతుంది. తొమ్మిది నుంచి పదకొండు వరకు నీళ్ళలో, ఆ తర్వాత భోజనం, ఇసుకలో ఆటలు, రెండుకో రెండున్నరకో తిరుగు టాక్సీ. నాలుగు దాటితే తీరం దగ్గర టాక్సీలు పలచబడతాయి.

తీరానికి ఎదురుగా ఉన్న చిన్న దిబ్బ ట్రంక్ కే. దాని పక్కనే నీటి అడుగున 225 గజాల స్నార్కెల్ బాట ఉంది. ఏ పగడం ఏది, ఏ చేప ఏది అని రాసిన ఫలకాలు అడుగున అమర్చారు. చదువుకుంటూ పోవడం పిల్లలకి సరదాగా ఉంటుంది. ఉన్నమాట చెప్పాలంటే, ఏళ్ళ తరబడి జనం తొక్కిన చోటు కనుక బాట పొడుగునా పగడాలు గొప్పగా ఉండవు. అందానికి, మొదటిసారి నేర్చుకోవడానికి ట్రంక్ బే. జీవరాశి కోసమైతే అదే ద్వీపంలో లీన్‌స్టర్ బేలోని వాటర్‌లెమన్ కే. అక్కడికి అనబర్గ్ శిథిలాల దగ్గర దిగి, ఒడ్డు వెంట నడిచి వెళ్ళాలి.

డిసెంబరు అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. ఉత్తర అట్లాంటిక్‌లో ఎక్కడో తుఫాను రేగితే దాని అలలు చలికాలంలో ఇక్కడి ఉత్తర తీరాన్ని కొడతాయి. పైన ఎండ కాస్తూనే ఉంటుంది, గాలీ ఉండదు, నీళ్ళు మాత్రం బురదరంగు. ముందు రోజు రాత్రి నేషనల్ వెదర్ సర్వీస్ శాన్ వాన్ కార్యాలయం ఇచ్చే సముద్ర సూచన చూడండి. ఉత్తరపు అలలు, రిప్ కరెంట్లు (ఒడ్డు నుంచి సముద్రంలోకి లాగే ప్రవాహాలు) అని ఉంటే ట్రంక్ బే ఆ రోజుకి మానుకోండి. అప్పుడు దక్షిణ తీరాన సాల్ట్ పాండ్ బే బాగుంటుంది కానీ, అటు కారు లేనిదే కష్టం.

ప్రశ్న: మేం హెచ్1బి మీద ఉన్నాం. పాస్‌పోర్ట్ స్టాంపింగ్ (వీసా ముద్ర) గడువు అయిపోయింది, ఐ-797 (హెచ్1బి ఆమోద పత్రం) మాత్రం ఉంది. సెయింట్ థామస్, సెయింట్ జాన్ వెళ్ళవచ్చా?
– ఒక పాఠకుడు, అట్లాంటా

జవాబు: సెయింట్ థామస్, సెయింట్ జాన్ అమెరికా భూభాగమే కనుక అక్కడికి వెళ్ళడం దేశం దాటినట్టు కాదు. అయితే తిరిగొచ్చేటప్పుడు సెయింట్ థామస్ విమానాశ్రయంలోనే కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ (సరిహద్దు అధికారుల) తనిఖీ ఉంటుంది. పాస్‌పోర్టులు, ఐ-797, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు) ప్రింటు అందరివీ చేతి సంచీలో పెట్టుకుని, విమానానికి కనీసం రెండున్నర గంటల ముందు చేరండి. జాగ్రత్త పడాల్సింది పడవ టూర్ల దగ్గర. చాలా టూర్లు కళ్ళెదుట కనిపించే బ్రిటిష్ వర్జిన్ ఐలండ్స్‌కి తీసుకెళ్తాయి. అది వేరే దేశం కింద లెక్క. స్టాంపింగ్ లేకుండా అటు వెళితే తిరిగి రావడం సమస్య అవుతుంది, కాబట్టి వద్దు. ఫోనుకి కూడా ఇదే చిక్కు: ఉత్తర తీరంలో బ్రిటిష్ టవరు పట్టుకుని విదేశీ రోమింగ్ బిల్లు వేస్తుంది. సెయింట్ జాన్‌లో డేటా రోమింగ్ ఆపేయండి.

ప్రశ్న: పోయిన వేసవిలో ఫ్లోరిడాలో మాస్కులోకి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, అద్దం మసకబారింది. నాకు మీసం ఉంది, కళ్ళజోడు కూడా. ఏం కొనుక్కోవాలి?
– ఒక పాఠకుడు, న్యూజెర్సీ

జవాబు: కొనేముందు ఒక పరీక్ష. పట్టీ తలకి తగిలించకుండా మాస్కు ముఖానికి ఆనించి, ముక్కుతో కొద్దిగా గాలి పీల్చి చేయి వదిలేయండి. ఐదు సెకన్లు నిలబడితే అది మీ ముఖానికి సరిపోయినట్టు. జారిపోతే ఎంత ఖరీదైనదైనా వదిలేయండి.

సరిపోయిన మాస్కు కూడా కారుతోందంటే చాలాసార్లు తప్పు పట్టీది. నీళ్ళు వస్తున్నాయని ఇంకా బిగిస్తాం. బిగించే కొద్దీ సిలికాన్ అంచు మడతపడి ఇంకా కారుతుంది. పట్టీ మెడ మీద కాదు, తల వెనక ఉబ్బుగా ఉన్నచోట వదులుగా కూర్చోవాలి. అంచు కింద ఒక్క వెంట్రుక ఇరుక్కున్నా చాలు, చుక్కచుక్కగా కారుతుంది. మీసం దగ్గర ముక్కు కింది భాగాన్ని సన్నగా కత్తిరిస్తే సగం సమస్య తీరుతుంది. మిగతా సగానికి సిలికాన్ గ్రీజు పలచగా రాయండి. అప్పటికీ వచ్చే కొద్ది నీళ్ళని బయటికి పంపాలంటే తల నీటిపైకెత్తి, మాస్కు పై అంచు నుదుటికి నొక్కి, ముక్కుతో గట్టిగా ఊదండి.

కొత్త మాస్కు మసకబారడానికి కారణం తయారీలో అద్దం మీద మిగిలే పలచటి పొర. మామూలు తెల్ల టూత్‌పేస్టు లోపలి అద్దానికి రాసి, వేలితో రెండు నిమిషాలు రుద్ది కడగాలి; ఇలా రెండు మూడుసార్లు. తీరం దగ్గర ఒక చుక్క బేబీ షాంపూ రాసి, ఒక్కసారి నీళ్ళలో ముంచి పెట్టుకోండి.

కళ్ళజోడు మాస్కులో పట్టదు. మైనస్ పవర్ అయితే అర డయాప్టర్ మెట్లలో రెడీమేడ్ లెన్సులు అమర్చే మాస్కులు ఉన్నాయి. సిలిండర్ పవర్ ఉంటే దాంట్లో సగం స్ఫియర్‌కి (అసలు మైనస్ పవర్‌కి) కలపండి: మైనస్ 3, సిలిండర్ మైనస్ 1 ఉన్నవారికి మైనస్ 3.5. ఖచ్చితమైనది దొరక్కపోతే ఒక మెట్టు తక్కువది తీసుకోవచ్చు, నీళ్ళలో అన్నీ దాదాపు మూడో వంతు పెద్దగా కనిపిస్తాయి కాబట్టి ఇబ్బంది ఉండదు.

ప్రశ్న: విజయవాడ నుంచి అమ్మానాన్న వచ్చారు, అరవై దాటినవారు. ఈత రాదు. అమ్మ నీళ్ళలో దిగనంటుంది కానీ చేపలు చూడాలని ఆశ. ముఖమంతా కప్పే మాస్కు కొంటే తేలికవుతుందా?
– ఒక పాఠకురాలు, ఓర్లాండో

జవాబు: ముఖమంతా కప్పే మాస్కు మా సలహా కాదు. వదిలిన గాలి లోపల మిగిలిపోయి మళ్ళీ పీల్చే ప్రమాదం కొన్ని రకాల్లో ఉంది. అంతకన్నా ముఖ్యం, కంగారు పడినప్పుడు మామూలు స్నార్కెల్‌ని ఉమ్మేస్తే చాలు. ముఖమంతా కప్పేదాన్ని మాత్రం పట్టీలతో సహా పీకాలి.

నోటితో ఊదే స్నార్కెల్ వెస్ట్ అద్దెకు తీసుకుని సగం వరకు ఊదండి. నిండా ఊదితే మనిషి నిలువుగా లేస్తారు, ముఖం నీళ్ళలో పెట్టడం కష్టం. నడుము లోతులో, ఇసుక మీద నిలబెట్టి, ముఖం మాత్రం ముంచి రెండు నిమిషాలు నోటితో నెమ్మదిగా ఊపిరి పీల్చమనండి. ఇది రెండు మూడుసార్లు చేస్తే భయం చాలావరకు పోతుంది. తర్వాత మీరు చేయి పట్టుకుని తేల్చండి. ట్రంక్ బే ఇసుక అడుగు కాబట్టి ఇదంతా ఒడ్డు దగ్గరే కుదురుతుంది. స్నార్కెల్ బాట వైపు మాత్రం వాళ్ళని తీసుకెళ్ళవద్దు, అక్కడ కాలు ఆనదు. ఆనించినా పగడం మీదే పడుతుంది. లైఫ్‌గార్డ్ ఉంటారన్న లెక్కతో వెళ్ళకండి. బీపీ, గుండె మందులు వాడుతుంటే బయల్దేరే ముందే డాక్టరుని అడగండి. నీళ్ళు మింగకపోయినా ఆయాసం వస్తే వెంటనే ఒడ్డుకి రావాలి.

చీర, కాటన్ పంజాబీ డ్రెస్ రెండూ వద్దు. తడిస్తే బరువెక్కి కాళ్ళకి చుట్టుకుంటాయి. పొడుగు చేతుల రాష్ గార్డు (ఒంటికి అతుక్కునే ఈత చొక్కా), లెగ్గింగ్స్ వేసుకుంటే అమ్మగారికి ఒళ్ళంతా కప్పినట్టూ ఉంటుంది, ఎండా తగలదు.

ప్రశ్న: సన్‌స్క్రీన్ మీద అమెరికా వర్జిన్ ఐలండ్స్‌లో నిషేధం ఉందటగా?
– ఒక పాఠకురాలు, షార్లెట్

జవాబు: 2020 మార్చి నుంచి ఉంది. ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్, ఆక్టోక్రైలీన్ – ఈ మూడింటిలో ఏది ఉన్నా అమ్మకూడదు, వాడకూడదు, ఇంటి నుంచి తెచ్చుకోనూ కూడదు. సీసా ముందు వైపు రాసిన 'రీఫ్ సేఫ్' (పగడాలకి హాని లేదు) మాట నమ్మకుండా వెనక ఉన్న పదార్థాల జాబితా చదవండి. నానో కాని (అతి సూక్ష్మ రేణువులుగా లేని) జింక్ ఆక్సైడ్ ఉన్నది కొనండి. మన ఛాయ మీద అది విభూతి పూసుకున్నట్టు తెల్లగా కనిపిస్తుంది, తప్పదు. నుదుటికి రాయకండి, కరిగి మాస్కులోకి దిగి కళ్ళు మండుతాయి. మెడ వెనక, మోకాళ్ళ వెనక మరవకండి. నీళ్ళలో బోర్లా తేలేవారికి కాలేది అక్కడే.

నీడ కోసం చెట్ల కిందికి వెళ్ళేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఈ ద్వీపంలో మాంచనీల్ అనే చెట్టు ఉంది, చిన్న పచ్చ యాపిల్ లాంటి కాయలు కాస్తుంది. కాయ విషం, పాలు తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. వానలో దాని కింద నిలబడినా అంతే. తెలియని కాయలు రాలిన చోట దుప్పటి పరవకండి, పిల్లలకి ముందే చెప్పండి.

ప్రశ్న: తాబేళ్లు ఖాయంగా కనిపించే చోటు ఏది?
– ఒక పాఠకుడు, రాలీ

జవాబు: ఖాయం అని ఎవరూ చెప్పలేరు కానీ అవకాశం ఎక్కువ ఉన్నది మాహో బే. ట్రంక్ బే దాటి అదే రోడ్డు మీద ముందుకి వెళ్ళాలి. అడుగున సముద్రపు గడ్డి మేటలు ఉన్నాయి, దాన్ని మేయడానికి పచ్చ తాబేళ్లు వస్తాయి. గడ్డి మీద నెమ్మదిగా తేలుతూ వెతకండి. టేకు చేపలు (స్టింగ్‌రేలు) కూడా కనిపించవచ్చు. తాబేలు ఊపిరి కోసం పైకి వస్తుంది, ఆ దారికి అడ్డు రాకుండా పదిహేను అడుగులైనా దూరంగా ఉండండి. తాకడం చట్టరీత్యా నేరం. రెండు తీరాలూ ఒకే రోజు చూడాలంటే పొద్దున్నే నేరుగా మాహోకి టాక్సీ మాట్లాడుకుని, పదిన్నరకి ట్రంక్ బేకి వెనక్కి రండి. జనం వచ్చేసి ఉంటారు, కానీ భోజనానికి, స్నానానికి అక్కడ వసతులు ఉన్నాయి.